పసుపు ఒంటబట్టాక

పసుపు నీళ్ళలో కరగదు. ఇది తెలుసుకోవడానికి కెమిస్ట్రీ చదవక్కర్లేదు. గడపకు రాయడానికి కలిపిన పసుపు గిన్నెను పది నిమిషాలు పక్కన పెడితే ముద్దంతా అడుక్కి దిగిపోతుంది, పైన లేత రంగు నీళ్ళు తేలతాయి. అదే పసుపు పోపులో చిటికెడు వేస్తే నూనె మొత్తం రంగు తిరిగిపోతుంది. మన రక్తంలోనేమో ఎక్కువ భాగం నీరే. పసుపులోని అసలు పదార్థం కర్‌క్యుమిన్‌ను మందుగా మార్చాలని చూసినవాళ్ళందరి కష్టమూ ఇక్కడే మొదలవుతుంది.

నేను విశాఖపట్నంలో ఒక ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెబుతాను. పదేళ్ళకు పైగా మా ల్యాబ్‌లో జరిగే ప్రాజెక్టుల్లో సగం ఇలాంటివే. నీళ్ళలో కరగని మూలికా పదార్థాన్ని తీసుకోవడం, దాన్ని చెట్టు బంకలోనో మొక్కజొన్న ప్రోటీన్‌లోనో అతి సన్నటి కణాలుగా పొదగడం, అప్పుడైనా ఒంటబడుతుందేమో చూడటం. ఈ పనంటే నాకు ఇష్టం, గౌరవం. అందుకే ఇది రాస్తున్నాను. ఒంటబట్టే తీరు మార్చాక అది మనకు తెలిసిన పసుపు కాదు, కొత్త మందు. కొత్త మందుకు ఎంత పరీక్ష కావాలో దానికీ అంత పరీక్ష కావాలి. కానీ ఇవాళ మందుల షాపుల్లో, ఆన్‌లైన్‌లో దాన్ని అమ్ముతున్నది అమ్మమ్మల పసుపు పేరు మీద.

ముందు ఆ అమ్మమ్మల పసుపు సంగతి చూద్దాం. ఎండు పసుపులో కర్‌క్యుమిన్, దాని దగ్గరి చుట్టాలు కలిపి, రకాన్ని బట్టి సుమారు 2 నుంచి 5 శాతం ఉంటాయి. 3 గ్రాముల పసుపు తింటే 60 నుంచి 150 మిల్లీగ్రాములన్నమాట. అందులో చాలా భాగం కడుపులోంచి పేగుల్లోకి, పేగుల్లోంచి బయటికి వెళ్ళిపోతుంది. లోపలికి వెళ్ళిన కాస్తనూ పేగు గోడ, కాలేయం పట్టుకుని, దానికి గ్లూకురోనైడ్, సల్ఫేట్ అనే తోకలు తగిలించి బయటికి పంపేస్తాయి. తైవాన్‌లో ఒక వైద్య బృందం 2001లో ప్రచురించిన పరిశోధనలో రోగులకు రోజుకు 8 గ్రాముల శుద్ధ కర్‌క్యుమిన్ ఇచ్చారు. అంత ఇచ్చినా రక్తంలో కనిపించిన సగటు గరిష్ఠ స్థాయి 1.77 మైక్రోమోలార్. లీటరు ద్రవంలో ఒక మిల్లీగ్రాము కూడా లేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. పెళ్ళిలో పారాణి కలపడం చూసే ఉంటారు. పసుపులో కాస్త సున్నం వేయగానే ఎర్రబడుతుంది. క్షారం తగిలితే కర్‌క్యుమిన్ అణువు రూపం మారి ఎరుపు తిరుగుతుంది, ఆ తర్వాత ముక్కలవడం కూడా మొదలుపెడుతుంది. సున్నమంత ఘాటు క్షారం కూడా అక్కర్లేదు. 1997లో వచ్చిన ఒక పరిశోధనలో మన రక్తానికి దగ్గరి స్థితిలో, అంటే పీహెచ్ 7.2లో, 37 డిగ్రీల వేడి దగ్గర, ప్రోటీన్లేమీ లేని ద్రావణంలో అరగంటకే 90 శాతం విరిగిపోయింది. పాదాలకు అందంగా పూసే ఆ ఎరుపును నేను క్లాసులో ప్రతి ఏడాదీ చేసి చూపిస్తాను. కరగకపోవడం ఒక సమస్య అయితే, కరిగాక నిలవకపోవడం ఇంకో సమస్య అని పిల్లలకు అలా చూపిస్తేనే గుర్తుంటుంది.

"వేల ఏళ్ళుగా తింటున్నాం, ఎవరికేమైంది?" అని అడుగుతారు. నిజమే, ఏమీ కాలేదు. అలా కాకపోవడానికి ఒక ముఖ్యమైన కారణం పసుపు దాదాపుగా ఒంటబట్టకపోవడమే. పసుపుకున్న ఆ మంచి పేరు, పేగు గోడ దాటకుండా వెళ్ళిపోయే పసుపు సంపాదించుకున్నది. గోడ దాటించే ఏర్పాటు చేసినప్పుడు ఆ పేరు కూడా వెంట వస్తుందని అనుకోవడం పొరపాటు.

గోడ దాటించడం ఎలాగో చెబుతాను. ఒక సెంటీమీటరు ఘనాన్ని ఊహించుకోండి, వేలి కొసంత ముక్క. దాని ఆరు ముఖాల వైశాల్యం కలిపి 6 చదరపు సెంటీమీటర్లు. ఆ ముక్కనే 100 నానోమీటర్ల ఘనాలుగా కోసుకుంటూ పోతే బరువు మారదు, కానీ వైశాల్యం 60 చదరపు మీటర్లవుతుంది. మన ఊరి లెక్కలో చెప్పాలంటే సుమారు 72 గజాలు. వేలి కొసంత ముక్క ఒక చిన్న ఇంటి స్థలమంత పరుచుకుందన్నమాట. నీరు తాకే చోటు అంత పెరిగితే కరిగే వేగమూ పెరుగుతుంది. ఈ సూత్రాన్ని నోయిస్, విట్నీ అనే శాస్త్రవేత్తలు 1897లోనే రాసిపెట్టారు. కోయడం కష్టమైనా చేయొచ్చు. అలా కోసిన ముక్కలు మళ్ళీ అతుక్కోకుండా ఆపడమే అసలు పని, కణాలను పట్టి మోసుకెళ్ళే పదార్థం, అంటే క్యారియర్ అవసరం అక్కడే వస్తుంది.

మా ల్యాబ్‌లో ఎక్కువగా వాడేది బంక. చిరుమాను చెట్టుకు కారే బంకను వ్యాపారంలో గమ్ ఘట్టి అంటారు. ఘాట్ దారుల్లో మోసుకొచ్చేవారు కాబట్టి ఆ పేరు వచ్చిందంటారు. మన తూర్పు కనుమల అడవుల్లోనూ ఉండే చెట్టే. మా దగ్గరికి వచ్చే బంక ఉండల్లో బెరడు ముక్కలు, ఒక్కోసారి చీమలు కూడా ఉంటాయి. రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పొద్దున్నే పల్చటి గుడ్డతో వడగట్టాలి. చేతికి జిగురు, గదంతా చెట్టు వాసన. ఇంకో గిన్నెలో కర్‌క్యుమిన్‌ను ఆల్కహాల్‌లో కరిగించి, సిరంజితో ఆ బంక నీళ్ళలోకి ఒక్కో చుక్కా వదలాలి. కింద స్టిర్రర్ తిరుగుతూ ఉంటుంది. మొదటి చుక్క పడ్డప్పుడు ఒక పచ్చటి తీగ కనిపించి కలిసిపోతుంది. పది నిమిషాలకు బీకరు మొత్తం నారింజ రంగు తిరుగుతుంది, అడుగున మాత్రం ఏమీ ఉండదు. గడప పసుపు గిన్నె చూస్తూ పెరిగినదాన్ని, అడుగున ముద్ద దిగని పసుపు నీళ్ళను మొదటిసారి చూసినప్పుడు నిజంగా ఒళ్ళు పులకరించింది.

మూడో రోజు పొద్దున చూస్తే అడుగున సన్నటి పచ్చ గీత. చిన్న కణాలు కరిగి పెద్ద కణాల మీద పేరుకుంటాయి. వాటి సహజ గుణం అది. బంక పాళ్ళు, కలిపే వేగం, ఆరబెట్టే తీరు అన్నీ మార్చి మార్చి చూసి ఆ గీతను నెలల దాకా రాకుండా చేయడానికి ఒక విద్యార్థినికి ఏడాదిన్నర పట్టింది. పొడిగా ఆరబెట్టాక ఇంకో శత్రువు మన ఊరి గాలి. మందులు మన దేశంలో చెడకుండా ఉంటాయా అని 30 డిగ్రీల వేడి దగ్గర, నిర్ణయించిన తేమలో పరీక్షిస్తాం. జూన్‌లో విశాఖలో సముద్రం వైపు కిటికీ తెరిచి ఉంచిన ఇంట్లో దానికంటే కష్టమైన రోజులే ఎక్కువ. మూత సరిగ్గా పెట్టని సీసాలో పొడి గడ్డ కడుతుంది. గడ్డ కట్టాక కణం సైజు మారుతుంది, సైజు మారితే ఒంటబట్టే మోతాదూ మారుతుంది. మామూలు పసుపు గడ్డ కట్టినా పసుపే. ఇది అలా కాదు.

బంక ఒక్కటే కాదు, మొక్కజొన్నలోని జీన్ అనే ప్రోటీన్, సోయా లెసిథిన్, పిండి పదార్థం నుంచి చేసే సైక్లోడెక్స్‌ట్రిన్, అల్లం రసంలోంచి తీసే బుడగల్లాంటి సూక్ష్మ కణాలు, చెరకు పిప్పి నుంచి తీసే నానోసెల్యులోజ్, అన్నీ పరిశోధనలో ఉన్నాయి. నేలవేములోని ఆండ్రోగ్రాఫోలైడ్, ఉల్లిపాయ పొరల్లోని క్వెర్సెటిన్ కూడా కర్‌క్యుమిన్ లాగే నీళ్ళంటే పడనివి. క్వెర్సెటిన్ పుట్టిన ఫ్లేవనాయిడ్లనే మొక్కల పదార్థాల కుటుంబం మన వాల్తేరుకు కొత్త కాదు. రసాయన శాస్త్రవేత్త టి.ఆర్. శేషాద్రి గారు 1930ల నుంచి 1949లో ఢిల్లీ వెళ్ళేదాకా ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పత్తి పూల రంగుల మీద, ఆ కుటుంబం మీద చేసిన పని ప్రపంచానికి తెలుసు. ఏ పువ్వులో ఏ పదార్థం ఉందో, దాని నిర్మాణమేమిటో తేల్చడం ఆ తరం పని. దాన్ని ఒంట్లోకి చేర్చడం మా తరం పని అని నేను పిల్లలకు చెబుతుంటాను.

నేను గట్టిగా మాట్లాడాలనుకున్నది 'రెట్లు' అనే మాట గురించి. సీసా మీద 20 రెట్లు, 27 రెట్లు, 40 రెట్లు అని రాస్తారు. 20 రెట్ల లెక్కకు మూలం 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల నుంచి వచ్చిన పరిశోధన. 2 గ్రాముల కర్‌క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపెరిన్, అంటే మిరియాల సారం ఇస్తే మనుషుల్లో శోషణ (ఒంటబట్టడం) 2000 శాతం పెరిగిందన్నారు. మంచి పరిశోధనే. కానీ మిరియం లేకుండా ఇచ్చినప్పుడు రక్తంలో కర్‌క్యుమిన్ అస్సలు కనిపించలేదు, లేదా చాలా తక్కువ కనిపించింది. సున్నాకు దగ్గరి అంకెను 20తో గుణిస్తే ఎంతొస్తుందో మనకు తెలుసు. గమ్ ఘట్టితో చేసిన ఒక జపాన్ ఉత్పత్తికి 2011లో 27 రెట్లు అని వచ్చింది. అక్కడ రక్తాన్ని ముందు ఒక ఎంజైముతో కలిపి, కాలేయం తగిలించిన తోకలన్నీ ఊడగొట్టి, అప్పుడు కొలిచారు. అంటే లెక్కకు వచ్చినదాంట్లో చాలా భాగం శరీరం అప్పటికే బయటికి పంపడానికి సిద్ధం చేసినది. పరిశోధకులు ఆ విషయం దాచలేదు, పద్ధతుల భాగంలో స్పష్టంగా రాశారు. సీసా మీదకు వచ్చేసరికి ఆ వివరం పోయి అంకె ఒక్కటే మిగిలింది.

ఇక్కడ నన్ను ఎదురు ప్రశ్న వేయొచ్చు. రెట్లు ఉత్తుత్తివే అయితే ప్రమాదం ఎక్కడిది? ఉత్తుత్తివి అనడం లేదు. లోపలికి వెళ్ళేది పెరుగుతుంది, కాలేయం మీద పడే పనీ పెరుగుతుంది. లాభం మాత్రం అదే పాళ్ళలో పెరుగుతుందని ఎవరూ చూపించలేదు. 2017లో ఔషధ రసాయన శాస్త్రవేత్తలు కొందరు కర్‌క్యుమిన్ మీద జరిగిన 120కి పైగా క్లినికల్ ట్రయల్స్‌ను పరిశీలించి, రోగికీ వైద్యుడికీ ఏది ఇచ్చారో తెలియకుండా ఉత్తుత్తి మందుతో పోల్చి చేసినవాటిలో ఒక్కటీ విజయవంతం కాలేదని రాశారు. మా రంగంలో ఆ వ్యాసం చదివి కోపం తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. నేను రెండుసార్లు చదివాను. చాలావరకు ఒప్పుకోక తప్పలేదు.

మా పెద్దమ్మ ఎంవీపీ కాలనీలో ఉంటుంది. అరవై దాటాయి, మోకాళ్ళ నొప్పి. అపార్ట్‌మెంట్‌లో ఎవరో చెప్పారని 'నానో' అని రాసి ఉన్న పసుపు గుళికలు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంది. వేసుకోవచ్చా అని నన్నే అడిగింది. సీసా తిప్పి చూశాను. క్యారియర్ మొక్క నుంచి వచ్చినదే, మిరియాల సారం కూడా ఉంది. "వేసుకో పెద్దమ్మా, మేం ల్యాబ్‌లో చేసేదీ ఇలాంటిదే" అన్నాను. "పసుపే కదే, ఏటవుతాది" అంది తను. ఆ రోజు ఇద్దరిలో ఒక్కరమైనా ఆలోచించాల్సింది. ఆలోచించాల్సినదాన్ని నేను.

రెండు నెలలు దాటాక ఒంటికి దురదలు, ఆకలి లేదు. తర్వాత కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఏఏ మందులు వాడుతున్నారని డాక్టరు అడిగితే బీపీ మాత్ర, థైరాయిడ్ మాత్ర చెప్పింది. గుళిక సంగతి చెప్పలేదు. తన దృష్టిలో అది మందు కాదు కదా. వైరస్‌ల పరీక్షలన్నీ ఏమీ లేవని వచ్చాయి, స్కానింగ్‌లో రాళ్ళు లేవు. నాలుగో రోజు నేనే ఆ సీసా పట్టుకెళ్ళి డాక్టరు బల్ల మీద పెట్టాను. ఆపించారు. వారాలు గడిచేకొద్దీ రక్తంలో పెరిగిన కాలేయ ఎంజైములు దిగొచ్చాయి, మూడు నెలలకు మామూలయ్యాయి.

దీన్నిబట్టి గుళికే కారణమని నేను నిరూపించలేను. ఒక్క మనిషి కథ సాక్ష్యం కాదని క్లాసులో చెప్పేది నేనే. కానీ ఆ రాత్రి కూర్చుని వెతికితే దొరికినవి ఒక్క మనిషి కథలు కావు. ఇటలీలో 2019లో పసుపు గుళికలు వాడినవాళ్ళలో కాలేయ వాపు కేసులు వరుసగా వచ్చాయి. ఆ ప్రభుత్వం నమూనాలు పరీక్షించినా కల్తీ దొరకలేదు. చివరికి గుళికల మీద హెచ్చరిక రాయాలని ఆదేశించింది. అమెరికాలో మందుల వల్ల వచ్చే కాలేయ జబ్బులను నమోదు చేసే వైద్యుల బృందం 2022లో పది కేసులు ప్రచురించింది. అన్నీ 2011 నుంచి నమోదైనవే. ఒకరు చనిపోయారు. రసాయన పరీక్ష చేయగలిగిన ఏడు ఉత్పత్తుల్లోనూ పసుపు ఉంది, మూడింటిలో పైపెరిన్ కూడా ఉంది. పదిమందిలో ఏడుగురికి ఒకే రకం జన్యువు, హెచ్‌ఎల్‌ఏ-బి 35:01 ఉంది. అంటే అందరికీ వచ్చే జబ్బు కాదు, కొందరికే వస్తుంది. ఎవరికి వస్తుందో సీసా కొనేటప్పుడు తెలియదు. ఫ్రాన్స్ ఆహార భద్రతా సంస్థ కూడా 2022లో ఇదే మాట అంది. మామూలు కర్‌క్యుమిన్‌కు రోజువారీ పరిమితి కిలో శరీర బరువుకు 3 మిల్లీగ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 180. శోషణ పెంచిన రూపాలకు ఈ పరిమితినే పట్టుకుని కూర్చోకూడదని, ఒక్కో రూపానికీ విడిగా తేల్చాలని చెప్పింది. నేను చెప్పేదీ అదే.

'మొక్క నుంచి వచ్చింది' అన్న మాట దగ్గర మనం మెత్తబడిపోతాం. కుంకుడుకాయ మొక్క నుంచి వచ్చిందే. అందులో నురగనిచ్చే సాపోనిన్లు కరగని పదార్థాలను నీటిలో నిలిపి ఉంచడానికి బాగా పనికొస్తాయి. అవే నేరుగా రక్తంలో కలిస్తే ఎర్ర రక్త కణాలను పగలగొడతాయి. చెరువులో కుంకుడు రసం కలిపి చేపలు పట్టే అలవాటు ఊరికే రాలేదు. నానోసెల్యులోజ్ తీయడానికి మామూలుగా వాడేది 64 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం. అనకాపల్లి బెల్లం పొయ్యిల్లో మండే పిప్పికీ, ఆ ఆమ్లంలో ఉడికి వచ్చినదానికీ బంధుత్వం ఉంది కానీ రెండూ ఒకటి కావు.

దీనికి నాకు తెలిసిన పెద్ద ఉదాహరణ క్యాన్సర్ మందు పాక్లిటాక్సెల్. యూ అనే చెట్టు బెరడులో దొరికింది, నీళ్ళలో కరగదు. 1992లో అమెరికాలో అనుమతి వచ్చినప్పుడు దాన్ని మోసుకెళ్ళింది క్రెమోఫోర్ అనే ద్రవం. దేనితో చేస్తారో తెలుసా? మన ఆముదంతో. ఆముదానికి ఇథిలీన్ ఆక్సైడ్ చేర్చి చేసిన ఆ క్యారియర్ వల్ల కొందరు రోగులకు ప్రాణం మీదికొచ్చేంత అలర్జీ వచ్చేది. ముందుగా స్టెరాయిడ్ ఇచ్చి కానీ మందు ఎక్కించేవారు కాదు. తర్వాత అదే మందును రక్తంలోని అల్బుమిన్ అనే ప్రోటీన్‌తో నానో కణాలుగా చేశారు. మందు పాతదే, క్యారియర్ మాత్రమే మారింది. అయినా కొత్తగా రోగుల మీద ట్రయల్స్ చేశారు, మోతాదు మళ్ళీ తేల్చారు. పాత రూపంలో చదరపు మీటరు శరీర వైశాల్యానికి 175 మిల్లీగ్రాములైతే కొత్త రూపంలో 260. 2005లో విడిగా అనుమతి తీసుకున్నారు. క్యారియర్ మారితే మందు మారినట్టేనని అక్కడ ఎవరికీ అనుమానం లేదు. పసుపు దగ్గరికి వచ్చేసరికి ఆ నియమం ఎందుకు సడలాలి? మన దేశంలోనూ నానో మందుల మూల్యాంకనానికి కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2019లో మార్గదర్శకాలు తెచ్చింది. అదే గుళికను మందుగా కాక ఆహార అనుబంధంగా అమ్మితే దారి వేరు, తేలిక.

ఇలా అంటే "మేడమ్, గిరిజన రైతు పసుపుకి, అడవి బంకకి మంచి ధర వచ్చే దారిని మీరే మూస్తారా" అని ఒక సహోద్యోగి బాధపడ్డారు. ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఈ ఊరి నుంచే పనిచేస్తోంది. పాడేరు వైపు నుంచి పసుపు, అడవుల నుంచి తపసి బంక కొంటుంది. కొండ మీద చెట్టుకు గాటు పెట్టి, కారిన బంకను ఏరి, ఆరబెట్టి, సంతకు మోసుకొచ్చే మనిషికి దక్కేదానికీ, అలాంటి బంకే ఎక్కడో గుళికగా మారి తిరిగొచ్చినప్పుడు మనం కట్టే ధరకూ పోలికే లేదు. ఆ తేడా తగ్గాలని నాకూ ఉంది. కానీ నాలుగు కాలేయాలు పాడయ్యాయన్న వార్త వస్తే మొదట పడిపోయేది ఆ కొండ మీది ధరే. ఇటలీలో వార్త వచ్చాక జనం అనుమానించింది గుళికను ఒక్కదాన్నే కాదు, పసుపునే. పరీక్షలు రైతుకు అడ్డం కాదు, అండ.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. శోషణ పెంచామని చెప్పుకునే ప్రతి గుళిక మీదా అది ఏ క్యారియర్‌తో చేశారో, ఆ రూపంలోనే మనుషుల మీద ఎన్నాళ్ళు పరీక్షించారో రాయాలి. కాలేయ జబ్బు ఉన్నవాళ్ళు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు డాక్టరును అడగాలని తెలుగులో, చదవగలిగే అక్షరాల్లో రాయాలి. డాక్టర్లు, మందుల షాపువాళ్ళు "ఏ మందులు వాడుతున్నారు" అని అడిగాక "పసుపు గుళికలు, కషాయాలు, పొడులు కూడా చెప్పండి" అని ఇంకో మాట కలపాలి. మా పెద్దమ్మను మొదటి రోజే అలా అడిగి ఉంటే నాలుగు రోజులు కలిసొచ్చేవి.

మా దగ్గర ప్రతి థీసిస్ ఒకే వాక్యంతో మొదలవుతుంది. 'పసుపు అనాదిగా వాడుకలో ఉన్నది కనుక సురక్షితమైనది.' ఏళ్ళ తరబడి నేను దాని కింద టిక్ పెట్టాను. మొన్న బంక కణాల మీద పనిచేస్తున్న విద్యార్థిని తెచ్చిన డ్రాఫ్టులో ఆ వాక్యం మీద అడ్డగీత గీశాను. మరి ఏం రాయమంటారు మేడమ్ అని అడిగింది. కణం సైజు 180 నానోమీటర్లు అని నువ్వే కొలిచావు కదా, ఆ సైజులో పసుపును మనిషి ఎన్నేళ్ళుగా తింటున్నాడో రాయి అన్నాను. కాసేపు ఆలోచించి, పెన్ను తీసి, 'ఈ రూపంలో దీర్ఘకాలిక వాడకం గురించిన సమాచారం ఇంకా సేకరించవలసి ఉంది' అని రాసి, కాగితం నా వైపు తిప్పింది.